పెద్దమ్మగారి పుస్తకం: ఆరు వారాల పని డైరీ

మొదటి రోజు

పెద్దమ్మగారిని సమాధి చేసి వచ్చిన మూడో రోజు సాయంత్రం పాస్టరుగారు కబురు పెట్టారు. ఆరు వారాల్లో జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు అందరి చేతికీ ఇవ్వడానికి ఒక చిన్న పుస్తకం కావాలి. "సంఘం రిజిస్టర్లన్నీ మీ దగ్గరే ఉంటాయి కదండీ, మీకైతే తేలిక" అన్నారు. తేలిక అన్న మాట వినగానే జాగ్రత్త పడవలసింది. సరేనన్నాను.

అనుకున్నది ఇది: అరవై పేజీల లోపు పుస్తకం, ఇరవై ఫొటోలు, పదిమంది సాక్ష్యాలు, ఒకటి రెండు చోట్ల ఆమె చేతిరాత, వీలైతే ఎక్కడైనా ఆమె గొంతు. పేరు సంగతి కూడా ఇక్కడే రాసిపెడతాను. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు సంఘంలో ఎవరూ మిగల్లేదు. డెబ్బై దాటినవాళ్లకూ ఆమె పెద్దమ్మగారే, ఆదివారం బడి పిల్లలకూ పెద్దమ్మగారే. ఈ డైరీలోనూ అంతే.

ఇంటికి వచ్చి, ఆమె గురించి నాకు తెలిసింది ముందు రాద్దామని కూర్చున్నాను. "దయగల మనిషి. ప్రార్థనాపరురాలు. ఆరాధన ఏనాడూ మానలేదు." నలభై ఏళ్ల పరిచయానికి మూడు వాక్యాలు! అవీ ఏ సమాధి రాయి మీదైనా సరిపోయేవే. కాగితం మడిచి రిజిస్టరులో పెట్టేశాను.

నాలుగో రోజు

మనవరాలు ఒక ఇనుప పెట్టె తెచ్చి ఇచ్చింది. లోపల జిగురు పేజీల ఆల్బం ఒకటి, విడి ఫొటోలు 34, క్యాసెట్లు నాలుగు, గుండీల డబ్బా, పాత కళ్లజోళ్లు రెండు, గుడ్డ సంచిలో బైబిలు. డైరీ లేదు. ఉత్తరాలు లేవు.

"రాయడం రానివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేది కదండీ అమ్మమ్మ. తనకు వచ్చినవి మాత్రం చదివి చింపేసేది" అంది.

"ఎందుకమ్మా?"

"వాళ్ల కష్టాలు వాళ్లవి, మన పెట్టెలో ఎందుకు అనేది."

పడిన ప్రతి కానుకకూ రశీదు రాసే నాకు ఈ మాట మింగుడుపడలేదు. ఒక నిండు జీవితం, ఒక్క కాగితం లేదు. ఇప్పుడు నేను దాని మీద పుస్తకం వేయాలి.

ఆరో రోజు

వయసు దగ్గరే బండి ఆగింది.

కుటుంబం లెక్క 101. గుర్తింపు కార్డులోనూ అదే. కానీ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1. తేదీ తెలియనివాళ్లకు గుమాస్తాలు పంచిపెట్టే పుట్టినరోజు అది. మా వివాహాల రిజిస్టరు ప్రకారం లెక్క వేస్తే 100 వస్తుంది. బాప్తిస్మాల రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా, నీలి సిరా వెలిసి గోధుమరంగుకు తిరిగిన అక్షరాల్లో, "వయసు సుమారు 12" అని ఉంది. దాని ప్రకారం 98.

మూడు కాగితాలు, మూడు వయసులు. దేన్ని నమ్మాలి? దీర్ఘాయుష్కుల వయసులు తేల్చేవాళ్లు పాటించే పద్ధతి ఒకటి ఉంది: పుట్టుకకు ఎంత దగ్గరలో రాసిన కాగితమైతే దానికి అంత విలువ. ఫ్రాన్సుకు చెందిన జాన్ కాల్మాఁ 1875లో పుట్టి 1997లో చనిపోయారు, 122 సంవత్సరాల 164 రోజులు. ఆ లెక్క నిలబడిందంటే ఆమె చెప్పారని కాదు. పుట్టుక నమోదు మొదలుకొని జనాభా లెక్కల దాకా జీవితం పొడుగునా కాగితాలు ఉన్నాయి గనక. మా పెద్దమ్మగారికి అటువంటి సౌకర్యం లేదు. ఉన్నవాటిలో పాతది బాప్తిస్మం కాగితం. అందులోనూ "సుమారు".

పెద్దబ్బాయిగారికి ఇది నచ్చలేదు. ఆయనకే డెబ్బై దాటాయి. "వంద అని వేస్తే ఎవరికి నష్టమండీ?" అన్నారు. నష్టమేమీ లేదు. బ్యానరు మీద "శతాధిక" అన్న మాట కూడా అప్పటికే రాయించేశారట.

సువార్తలోని అన్న అనే విధవరాలి సంగతి ఆయనకు గుర్తుచేశాను. లూకా రెండో అధ్యాయంలో దేవాలయం విడవకుండా ఉన్న ప్రవక్త్రి. మన తెలుగు బైబిలు చదివితే ఆమె వైధవ్యమే ఎనభై నాలుగేళ్లు. పెళ్లినాటి వయసు, కాపురం చేసిన ఏడేళ్లు కలిపితే వంద దాటుతుంది. మూలంలో ఉన్న గ్రీకు వాక్యాన్ని ఎనభై నాలుగేళ్ల వయసు వరకు విధవరాలిగా ఉంది అని కూడా చదవవచ్చు. పండితులు ఇప్పటికీ రెండు వైపులా ఉన్నారు. సువార్తలోకి ఎక్కిన ముసలమ్మ వయసే తేలలేదు, మనదెంత?

ఆయన నవ్వారు. కాసేపు ఆగి, "అమ్మను వయసెంత అని అడిగితే ఏమనేదో తెలుసా? లెక్క ఆయన దగ్గర ఉంది, నేను మోసి ఏం చేస్తాను అనేది" అన్నారు.

అట్ట లోపలి పేజీకి వాక్యం దొరికింది. వయసు అంకె పుస్తకంలో ఎక్కడా వేయం. బ్యానరు సంగతి వాళ్లిష్టం.

తొమ్మిది నుంచి పన్నెండో రోజు వరకు

ఫొటోలు. విడిగా ఉన్నవి తేలిక, ఆల్బంలోవే ప్రాణం తీశాయి. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పొర, కింద జిగురు చారలు ఉండే ఆల్బం అది. ఒకప్పుడు ప్రతి పెళ్లికీ కొన్నదే. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి ఫొటోను అట్టకు అతికించేస్తుంది. అంచు పట్టుకుని లాగితే వెనక కాగితం చీలి వస్తుంది. మొదటి ఫొటో మూల నా చేతిలోనే చిరిగింది. ఆ తర్వాత బుద్ధి వచ్చి, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం, మైనం, వాసన ఏమీ లేనిది, తెప్పించాను. ఫొటోకూ అట్టకూ మధ్య దాన్ని దూర్చి, రెండు చేతులతో పట్టుకుని, రంపం లాగినట్టు నెమ్మదిగా అటూ ఇటూ లాగాలి. ఫొటోకు పది నిమిషాలు. రానని మొండికేసిన ఆరింటిని పేజీతో పాటే స్కాన్ చేశాం.

స్కానింగు లెక్క ఒకసారి రాసుకుంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. అచ్చుకు కావలసింది అచ్చయ్యే కొలత మీద అంగుళానికి 300 చుక్కలు (డీపీఐ అంటే ఇదే). నాలుగు బై ఆరు ఫొటోను 600 డీపీఐలో తీస్తే 2400 బై 3600 వస్తుంది, రెట్టింపు పెద్దదిగా వేసుకున్నా సరిపోతుంది. అగ్గిపెట్టెకు కాస్త పెద్దవిగా ఉన్న పాత ఫొటోలను 1200లో తీశాం. అసలు ప్రతి టిఫ్‌లో, అంటే వివరం పోకుండా దాచే రకం ఫైలులో, ఒక్కొక్కటి దాదాపు 26 ఎంబీ. పంపుకోవడానికి వేరే జేపెగ్ కాపీ. జేపెగ్‌ను దిద్ది భద్రపరిచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, అందుకని అసలు ప్రతిగా అది పనికిరాదు.

మందిరంలో సౌండు చూసే అబ్బాయి ఫోనులో ఏదో యాప్ పెట్టి ఒక పాత ఫొటోకు రంగులు వేసి, మడతలు తీసేసి చూపించాడు. ముఖం నున్నగా, కళ్లు పెద్దవిగా వచ్చాయి. చూడటానికి బాగుంది. ఆమె మాత్రం కాదు, ఎవరో పరాయి మనిషి. మడతలు ఉన్నవి ఉన్నట్టే ఉంచుదామన్నాను. పిల్లవాడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

ఈ నాలుగు రోజుల్లో తేలిన సంగతి: 34 విడి ఫొటోల్లో ఆమె ఉన్నవి తొమ్మిదే. అందులో ఐదింట్లో అంచున ఉన్నారు. ఆదివారం బడి పిల్లల ఫొటో ఒకటి. మూడు వరుసల్లో పిల్లలు, కుడి అంచున ఒక చీర కొంగు, ఒక చెయ్యి. ఆ చేతిని పట్టుకుని ఏడుపు ముఖంతో ఒక చిన్నపిల్ల.

వెనక పెన్సిలుతో ఏదో రాసి ఉంది, కానీ పూర్తిగా వెలిసిపోయింది. గదిలో లైటు ఆర్పి, టార్చి వెలుగును కాగితానికి దాదాపు సమాంతరంగా, పక్క నుంచి పడేట్టు పట్టాను. పెన్సిలు గీత చెరిగినా, రాసినప్పుడు పడిన ఒత్తిడి కాగితంలో సన్నని గాడిగా మిగిలి ఉంటుంది. ఏటవాలు వెలుగులో ఆ గాళ్లు నీడ పట్టి పైకి తేలతాయి. ఒక్కొక్క పేరే కనిపించింది. ఎడమ నుంచి కుడికి, వరుసల వారీగా, పిల్లలందరి పేర్లు. చివర ఆ ఏడుపు ముఖం పిల్ల పేరు. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం రాయలేదు.

రబ్బరు బ్యాండ్లు, తుప్పు పట్టిన పిన్నులు తీసేసి అన్నింటినీ ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టాం. కవరు మీద ముందు రాసి, తర్వాత ఫొటో లోపల పెట్టాలి. ఫొటో లోపల ఉండగా రాస్తే ఆ ఒత్తిడి ఫొటో మీద పడుతుంది. (నాకిది మూడో కవరు దగ్గర తెలిసింది.)

పదిహేనో రోజు

క్యాసెట్లు. ఫిలిప్స్ కంపెనీ వీటిని 1963లో బయటపెట్టింది. మా మందిరంలో వీటి వాడకం చాలా ఆలస్యంగా మొదలై, చాలా ఆలస్యంగా ఆగింది. నాలుగింట్లో ఒకటి అసలు పలకలేదు. విప్పి చూస్తే, టేపును, దాన్ని చదివే హెడ్డుకు ఆనించి ఉంచే చిన్న మెత్తటి ముక్క జిగురు ఊడి కింద పడి ఉంది. స్క్రూలు ఉన్న వేరే డొల్ల తీసుకుని, చక్రాలు రెండూ టేపుతో సహా అందులోకి మార్చాం. చేతులు వణికాయి. సౌండు చూసే అబ్బాయివి కాదు, నావి.

మిగిలినవి పలికాయి కానీ నోట్లో గుడ్డ కుక్కినట్టు. రికార్డు చేసిన యంత్రం హెడ్డు కోణం వేరు, వినిపించే యంత్రం హెడ్డు కోణం వేరు అయితే పై స్థాయి ధ్వనులన్నీ పోతాయట. హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. "స", "శ" అక్షరాలు పదునుగా వినిపించేదాకా దాన్ని వెంట్రుకవాసి తిప్పాడు. పాస్టరుగారి తండ్రిగారి ప్రసంగం ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. కంప్యూటరులోకి ఎక్కించిన కొలత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. ముప్పై నిమిషాల పక్కకు సుమారు 260 ఎంబీ.

మూడు ప్రసంగాలు, ఒక పాటల కూడిక. మొత్తం నాలుగు గంటలు విన్నాం. ఆమె గొంతు ఒక్కచోట ఉంది. రెండో క్యాసెట్టు బి వైపు, ప్రసంగం మధ్యలో, దూరంగా: "ఆ తలుపు కొంచెం చేరవేయమ్మా, పాప పడుకుంది."

అంతే. నాలుగు సెకన్లు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది, అంటే పందొమ్మిది సెంటీమీటర్ల టేపు. అబ్బాయి దాన్ని విడిగా కోసి భద్రపరిచాడు. ముందూ వెనకా ప్రసంగం కొంత ఉంచమన్నాను. ఆ ప్రసంగం సహనం గురించి. అది వింటూ తలుపు సంగతి పట్టించుకున్నది ఆమె ఒక్కరే.

పందొమ్మిదో రోజు

సాక్ష్యాలు సేకరించడం వారం క్రితమే మొదలైంది. పదకొండు మందిని కలిశాను. పదకొండు మందీ నా మూడు వాక్యాలే చెప్పారు! దయగల మనిషి. ప్రార్థనాపరురాలు. ఆరాధన మానలేదు. రికార్డరు ఎదురుగా పెట్టుకుంటే అందరూ వేదిక మీద ఉన్నట్టు మాట్లాడతారు. తప్పు వాళ్లది కాదు, "పెద్దమ్మగారు ఎలాంటివారు?" అని అడిగిన నాది. ఆ ప్రశ్నకు విశేషణాలే జవాబు.

ప్రశ్న మార్చాను. "ఆమె మీ ఇంటికి ఆఖరిసారి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చున్నారు?"

మొదట అడిగింది స్త్రీల సమాజం పెద్దావిడను. "కూర్చోలేదు" అన్నారు. "మా ఆయన మంచం పక్కన నిలబడ్డారు. కూర్చుంటే వెళ్లేటప్పుడు లేచిన చప్పుడుకు ఆయన మేలుకుంటారని." ఆ తర్వాత గంటన్నర ఆగకుండా చెప్పారు. తొమ్మిది రాత్రుల కథ. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదట.

పెద్దవాళ్లను కదిపితే పది నుంచి ముప్పై ఏళ్ల వయసులో జరిగినవే ముందు వస్తాయి. జ్ఞాపకశక్తిని పరిశోధించేవాళ్లు ఎప్పుడో గమనించిన సంగతి ఇది. అందుకని మొదటి అరగంట ఎటు పోతే అటు పోనిచ్చాను. ఆ దారిలోనే పెద్దమ్మగారు తగులుతారు. మౌనం వస్తే నింపకూడదు. నాకు ఇదే కష్టమైంది. పది లెక్కపెట్టుకునేవాణ్ని.

ఇంకో ఉపాయం బైబిలు వాక్యంలోనే దొరికింది. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో యొప్పేలో తబితా, దొర్కా అన్నా ఆమే, చనిపోయినప్పుడు పేతురు వస్తాడు. విధవరాండ్రు ఏడుస్తూ ఆయన ఎదుట నిలబడి ఏం చేశారు? ఆమె మంచిదని ప్రసంగాలు చేయలేదు. ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ చూపించారు. ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం, ఇది పట్టలేదు.

ఆదివారం ప్రకటనల్లో చెప్పించాను: ఆమె చేతిది ఏదైనా ఉంటే తీసుకురండి.

ఇరవై రెండో రోజు

వచ్చినవి బల్ల మీద పరిచి చూశాను. జేబు కుట్టిన చొక్కా. అంచు మడిచి హెమ్మింగు చేసిన బైబిలు సంచులు ఏడు. కాలు విరిగితే దారం చుట్టి నిలబెట్టిన కళ్లజోడు. కాజాలు తిరిగి కుట్టిన పిల్లల గౌను, ఆ పిల్లకు ఇప్పుడు మనవలు. ఒక నాలుగు గీతల రాత పుస్తకం.

అన్నీ ఆమె పనేనా అన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఎందుకో దగ్గరగా చూస్తే తెలిసింది. కుట్టు ముగిసిన చోట ఆమె ముడి వేసి ఊరుకోరు. ముడి మీద రెండు చిన్న కుట్లు అడ్డంగా నిలువుగా వేస్తారు, కూడిక గుర్తులా. ఆవగింజంత. చొక్కా మీద, సంచుల మీద, గౌను మీద, అన్నింటి మీదా ఉంది. శిలువ అని ఒకరన్నారు. స్త్రీల సమాజం పెద్దావిడ కొట్టిపారేశారు: "శిలువా కాదు ఏమీ కాదు, ముడి ఊడకుండా."

రాత పుస్తకం తెచ్చినావిడకు యాభై ఏళ్లప్పుడు పెద్దమ్మగారు సంతకం నేర్పారట. అంతకుముందు వేలిముద్ర. పుస్తకం నిండా ఒకటే పేరు. మొదటి పేజీలో అక్షరాలు గీతల బయటికి దొర్లిపోతూ ఉన్నాయి, పేజీలు తిప్పేకొద్దీ లోపలికి వచ్చి కుదురుగా కూర్చున్నాయి. "మొదటి పేజీ వేసుకోండి, చివరి పేజీ వద్దు. అది నాది" అన్నారు.

ఇరవై నాలుగో రోజు

ఇక్కడ పాస్టరుగారికీ నాకూ మాట పట్టింపు వచ్చింది.

ప్రతి ఒక్కరినీ ఒక కాగితం మీద మూడింటిలో ఒకటి ఎంచుకోమన్నాను: పేరుతో వేయవచ్చు, పేరు లేకుండా వేయవచ్చు, వేయవద్దు కానీ రికార్డింగు కుటుంబం దగ్గర ఉండవచ్చు. పంతొమ్మిది మందిలో పద్నాలుగు మంది మూడోది ఎంచుకున్నారు. మంచి కథలన్నీ ఆ పద్నాలుగులోనే ఉన్నాయి.

"ఇవి చదివితే పదిమంది నేర్చుకుంటారండీ" అన్నారు పాస్టరుగారు.

"వద్దన్నారు కదండీ."

"పేర్లు తీసేద్దాం."

"పేరు తీసేస్తే మాత్రం? భర్త తొమ్మిది రాత్రులు మంచం మీద ఉన్నది ఎవరి ఇంట్లోనో మన సంఘంలో తెలియనిదెవరికి?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేను పది లెక్కపెట్టాను. చివరికి ఆయనే మత్తయి ఆరో అధ్యాయం తీశారు, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న చోటు. "ఆవిడ దీన్ని మరీ అక్షరాలా తీసుకున్నారు" అన్నారు, విసుగూ ప్రేమా కలిసిన గొంతుతో.

కుదిరిన ఒప్పందం: కథలు వేయం. వస్తువుల ఫొటోలు వేస్తాం, ఒక్కొక్క దాని కింద వాళ్లు చెప్పిన ఒక్క వాక్యం. చొక్కా కింద "ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లే పొద్దున, మందిరం మెట్ల మీద కూర్చుని కుట్టారు" అని వస్తుంది. గౌను కింద ఏమీ వద్దన్నారు. ఏమీ వేయం.

ఇరవై ఆరో రోజు

బైబిలును ఇన్నాళ్లూ కావాలనే చివరికి ఉంచాను. వెన్ను అట్ట విడిపోయింది, పూర్తిగా తెరిస్తే ఊడి వస్తుంది. మడిచిన తువ్వాళ్లు రెండు వైపులా పెట్టి, సగం తెరిచి, ఫొటోలు తీశాం. స్కానరు మీద బోర్లించలేదు.

ప్రకటన గ్రంథం ముగిసిన ఖాళీలో పెన్సిలు గీతలు: నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి, అటువంటి కట్టలు ఎనిమిది, చివర మరో మూడు గీతలు. మొత్తం 43. చాలాసేపటికి అర్థమైంది, బైబిలు మొదటి నుంచి చివరిదాకా చదివినన్నిసార్లు. బైబిలులో 1189 అధ్యాయాలు. 43సార్లు అంటే 51,127. మొదటి గీతలు గట్టిగా, నిటారుగా ఉన్నాయి. ముప్పై దాటాక వణుకు మొదలైంది. చివరి రెండూ నీలి బాల్‌పెన్నుతో, వంకరగా, గట్టిగా నొక్కి వేసినవి. కంటిచూపు పోయాక మునిమనవడు చదివి వినిపించేవాడట, గీత కూడా వాడే వేశాడు.

గుర్తుకు పెట్టుకున్న తెల్లదారం సంఖ్యాకాండంలో ఉంది, గోత్రాల జనాభా లెక్కల మధ్య. 44వసారి అక్కడిదాకా వచ్చారన్నమాట. చాలామంది పేజీలు తిప్పేసే చోటు అది.

కీర్తనల అంచుల్లో ఒంటి అక్షరాలు. "సు", "రా", "మ", "జో". ప్రసంగాల గుర్తులు అనుకున్నాను. కొన్నింటి పక్కన "పరీక్ష", "ఆపరేషన్", "కోర్టు" అని చూశాక విషయం తెలిసింది. ఎవరి కోసం ఏ కీర్తన ప్రార్థించారో ఆ లెక్క. కాగితాలన్నీ చింపేసిన మనిషి దాచుకున్నది ఇదొక్కటే, అదీ ఒంటి అక్షరాల్లో. ఒప్పుకుంటాను, నా అక్షరం వెతికాను. రెండుచోట్ల ఉంది. అయితే ఆ అక్షరంతో పేరు మొదలయ్యేవాళ్లం సంఘంలో పదిమందికి తక్కువ లేం.

పుస్తకంలో ఒక పేజీ ఫొటో వేయాలి. 23వ కీర్తన బాగుంటుంది, అందరికీ కంఠతా వచ్చేది, అంచులో అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి, ఏది ఎవరిదో తేల్చడం అసాధ్యం. 51వ కీర్తన, పాపపు ఒప్పుకోలు కీర్తన, అంచులో మూడే మూడు అక్షరాలు ఉన్నాయి. ఆ పేజీని ఫొటో తీయలేదు.

ముప్పై ఒకటో రోజు

పేజీలు కూర్చడం. చదివేవాళ్లలో సగం మందికి కళ్లజోళ్లు, అందుకని అక్షరం 16 పాయింట్లు. తెలుగుకు పైన గుడులూ కింద ఒత్తులూ ఉంటాయి గనక వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టును గుద్దుకుంటుంది.

ప్రెస్సు నుంచి మొదటి ప్రూఫు వచ్చింది. ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడ్డాయి! కంప్యూటరులో టైపు చేసిన తెలుగు (యూనికోడ్) అక్షరాలను కలిపి చూపించే ఏర్పాటును వాళ్లు సాఫ్ట్‌వేరులో ఆన్ చేయలేదు. "క్షమించండి" అన్న మాటే ముక్కలై ఉంది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేనే పీడీఎఫ్ చేసి పంపాను, ఫాంటు అందులోనే పొదిగి. రెండో ప్రూఫు శుభ్రం.

ముప్పై ఆరో రోజు

నడిమికి మడిచి కుట్టే పుస్తకంలో పేజీలు నాలుగుతో భాగించబడాలి. మా విషయం 61 పేజీలకు వచ్చింది, పుస్తకం 64. చివర మూడు పేజీలు ఖాళీ. ఏదైనా పాట వేద్దామని ఒకరు, సంఘ పెద్దల ఫొటో వేద్దామని మరొకరు. ఖాళీగానే ఉంచుదాం, ఎవరికైనా రాసుకోవడానికి ఉంటుంది అన్నాను. నిజానికి ఫొటో గొడవ తప్పించుకోవడానికి అన్నాను.

కాగితానికి నార ఉంటుంది. మామూలు ఏ4 కాగితంలో ఎక్కువగా అది పొడవు వెంట నడుస్తుంది. దాన్ని సగానికి మడిస్తే మడత నారకు అడ్డంగా పడి, పగుళ్లు వచ్చి, పుస్తకం తెరుచుకుని నిక్కుతుంది. పొడవు నార ఉన్న ఏ3 తెప్పించి సగానికి కోయించాం, అప్పుడు నార మడత వెంటే వస్తుంది. పుస్తకానికి 16 కాగితాలు, పైన అట్ట.

పిన్నులు వద్దన్నది స్త్రీల సమాజం. 150 ప్రతులు దారంతో కుడతామన్నారు. ఐదు రంధ్రాలు, బేసి సంఖ్యే ఉండాలి. నడిమి రంధ్రం నుంచి, లోపలి వైపు నుంచి మొదలుపెట్టి, చివరకు వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ నడిమిలోనే ముగించాలి. దారం వెన్నుకు రెండున్నర రెట్లు, అంటే 52 సెంటీమీటర్లకు తగ్గకుండా. పన్నెండు మంది, రెండు సాయంత్రాలు. కుట్టాక లోపలి పేజీలు ముందుకు తోసుకువస్తాయి, ఆ అంచును చివర్లో ప్రెస్సువాళ్లు ఒకేసారి కోసి సమం చేశారు.

చివరి సాయంత్రం ఒక ప్రతి తెరిచి చూస్తే నడిమి ముడి మీద అడ్డం, నిలువు, రెండు చిన్న కుట్లు. అన్నింటికీ వేశారు. ఎవరూ వేయమని చెప్పలేదు.

నలభై రెండో రోజు

కూడిక జరిగింది. బ్యానరు మీద వంద అనే ఉంది. పాస్టరుగారు పదిహేను నిమిషాల్లో ముగించారు, ఇది రికార్డు. నాలుగు సెకన్ల ముక్క వినిపించగానే వెనక వరుసలో ఎవరో లేచి వెళ్లి తలుపు చేరవేశారు. 150 ప్రతులూ అయిపోయాయి.

నలభై తొమ్మిదో రోజు

ఆదివారం ఆరాధన అయ్యాక గంట కొట్టే తాతగారు నన్ను పక్కకు పిలిచి తన ప్రతి చేతిలో పెట్టారు. "ఇది మీ దగ్గర ఉంచండి బాబూ. రిజిస్టర్లతో పాటు" అన్నారు. ఎందుకని అడిగేలోపు వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చి తిరగేశాను. చివరి ఖాళీ పేజీలో పెన్సిలుతో ఏదో రాసి, రబ్బరుతో చెరిపేశారు. పేజీ నిండా. కాగితం కాస్త గరుకెక్కింది, వేలితో తడిమితే గాళ్లు తగులుతున్నాయి. గట్టిగా నొక్కి రాసే చెయ్యి ఆయనది.

టార్చి సొరుగులోనే ఉంది.

రిజిస్టరు తీసి రాశాను: "జ్ఞాపకార్థ పుస్తకం, ఒక ప్రతి, తిరిగి వచ్చినది. 64 పేజీలు. చివరి మూడు ఖాళీ."